టీ206, టీ205, క్రాకర్ జాక్: వందేళ్లనాటి బేస్‌బాల్ కార్డుల్లో ఏది మేలు?

అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో బేస్‌బాల్ మీద మనసు పడ్డవాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. పిల్లల్ని లిటిల్ లీగ్‌కి తీసుకెళ్తూ ఆట నేర్చుకున్నవాళ్లున్నారు, క్రికెట్ గణాంకాల పిచ్చి ఇటు మళ్లినవాళ్లున్నారు. అలాంటివాళ్లు కార్డుల షోకి వెళ్తే కొత్త కార్డుల తళుకులన్నీ దాటి, ఏదో ఒక మూల టేబుల్ మీద ఉన్న అగ్గిపెట్టెంత రంగుల బొమ్మల దగ్గర ఆగిపోతుంటారు. ఆ తర్వాత అడిగే ప్రశ్న ఒక్కటే: 1900ల తొలినాళ్ల కార్డు కొనాలంటే దేనితో మొదలుపెట్టాలి?

ముందుగా హోనస్ వాగ్నర్‌ని పక్కన పెట్టేద్దాం. పిట్స్‌బర్గ్ పైరేట్స్ షార్ట్‌స్టాప్ వాగ్నర్ టీ206 కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ వార్త చూసి ఈ కాలపు కార్డులన్నీ కోటీశ్వరుల వ్యవహారమనుకుని వెనక్కి తగ్గినవాళ్లు చాలామంది. అది నిజం కాదు. ఆ వాగ్నర్ కార్డు వచ్చిన సెట్‌లోనే, అదే ప్రెస్‌లో అచ్చయిన మామూలు ఆటగాడి కార్డు, మూలలు అరిగిందైతే, వంద డాలర్ల లోపే దొరుకుతుంది.

నిజంగా పోల్చి చూడాల్సినవి మూడు: 1909 నుంచి 1911 వరకు సిగరెట్ పెట్టెల్లో వచ్చిన టీ206, 1911లో వచ్చిన బంగారు అంచుల టీ205, 1914, 1915లో మిఠాయి పెట్టెల్లో వచ్చిన క్రాకర్ జాక్. ఈ టీ నంబర్లు కంపెనీలు పెట్టినవి కావు. న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్‌లో ఉండే జెఫర్సన్ బర్డిక్ అనే ఆయన జీవితమంతా ఇలాంటి కాగితాలు పోగుచేసి, వాటికో కేటలాగ్ తయారుచేశాడు. ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులకు 'టీ' (T), తొలినాళ్ల మిఠాయి కార్డులకు 'ఈ' (E) అని ఇంగ్లిష్ అక్షరాలిచ్చాడు. మూడు లక్షలకు పైగా కాగితాల ఆ సేకరణను న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఆల్బమ్‌లలో అతికించే పని 1963 జనవరిలో పూర్తిచేసి, రెండు నెలలకే కన్నుమూశాడు. ఈ హాబీలో ఉన్నవాళ్లందరం ఆయన పెట్టిన పేర్లే పలుకుతున్నాం.

టీ206: మొదలుపెట్టడానికి ఇదే

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఒకటి రెండు కార్డులతో ఆగకుండా ఏళ్ల తరబడి పోగుచేయాలనుకునేవాళ్లకు టీ206ని మించింది లేదు. కారణం అందం ఒక్కటే కాదు, సరుకు దొరకడం. అమెరికన్ టొబాకో కంపెనీ పోటీదార్లందరినీ మింగేసిన ట్రస్టు, అంటే గుత్తాధిపత్య సంస్థ. 1911లో సుప్రీంకోర్టు దాన్ని ముక్కలు చేసేదాకా సిగరెట్ల వ్యాపారంలో దాని మాటే చెల్లింది. ఆ కంపెనీ తన బ్రాండ్లు చాలావాటిలో ఈ కార్డులు పెట్టింది. అందుకే నూరేళ్లు దాటినా ఇప్పటికీ ఏ పెద్ద షోకి వెళ్లినా టీ206 కనిపిస్తుంది. ఎక్కువ దొరుకుతుంది కాబట్టి కొనేవాడు ఎంచుకోవచ్చు. ఈ కార్డు మడత పడింది, ఇంకోటి చూద్దాం అనే వీలు వేరే సెట్లలో అంతగా ఉండదు.

సెట్‌లో మొత్తం 524 కార్డులు. దీన్ని 'మాన్‌స్టర్' అనడం ఊరికే కాదు. వాగ్నర్‌తో పాటు ఎడ్డీ ప్లాంక్, పేరు తప్పుగా అచ్చయిన 'మేగీ', జట్టు పేరు తప్పుపడిన జో డాయిల్ కార్డు దాదాపు ఎవరికీ అందవు. ఆ నాలుగూ వదిలేసి 520 పూర్తిచేస్తే సెట్ పూర్తయినట్టే లెక్క. వాగ్నర్ కార్డు ఎందుకంత అరుదు అంటే, పొగాకుతో తన బొమ్మ అమ్మడం ఇష్టం లేక ఆపించాడని కొందరంటారు, డబ్బు దగ్గర బేరం కుదరలేదని మరికొందరంటారు.

వెనకవైపు చూడండి, అసలు సరదా అక్కడే ఉంది. పీడ్‌మాంట్, స్వీట్ కాపొరల్, సావరిన్, ఓల్డ్ మిల్, పోలార్ బేర్, టోల్‌స్టోయ్ ఇలా పదహారు బ్రాండ్ల ప్రకటనలు వెనకవైపు అచ్చేశారు. మొదటి రెండూ ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. డ్రమ్, లెనాక్స్ లాంటివి వెనకవైపు ఉంటే ముందు ఎవరి బొమ్మ ఉన్నా ధర పైకి లేస్తుంది. మనవాళ్లు చూడగానే ఆగేది 'హిందూ' సిగరెట్ల కార్డు దగ్గర. తూర్పు దేశాల పేర్లు పెడితే పొగాకు అమ్ముడుపోతుందని నమ్మిన కాలం అది. గోధుమరంగు సిరాతో ఉన్న హిందూ కాస్త వెతికితే దొరుకుతుంది, ఎరుపు సిరాది బాగా అరుదు. ఒకే ఆటగాడి బొమ్మను వేర్వేరు బ్రాండ్ల వెనకభాగాలతో పోగుచేసేవాళ్లు కూడా ఉన్నారు. ఇంత లోతు టీ205లోనూ లేదు, క్రాకర్ జాక్‌లోనూ లేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి దక్షిణాది చిన్న లీగుల 48 కార్డులు. సదరన్ అసోసియేషన్, సౌత్ అట్లాంటిక్, టెక్సాస్, వర్జీనియా లీగుల ఆటగాళ్లు వాళ్లు. చాలామంది పేర్లు ఆ కార్డు మీద తప్ప ఇంకెక్కడా గుర్తుండవు. మామూలు మేజర్ లీగ్ కార్డు కన్నా వీటికి ధర ఎక్కువ, అయినా నేను వీటినే ముందు చూస్తాను.

ఇక డెట్రాయిట్ టైగర్స్ మేటి బ్యాటర్ టై కాబ్ సంగతి. టీ206లో అతనికి నాలుగు బొమ్మలున్నాయి: ఎర్ర నేపథ్యం, ఆకుపచ్చ నేపథ్యం, భుజం మీద బ్యాట్, భుజం మీంచి దించిన బ్యాట్. ఎంత నలిగినా వేల డాలర్ల మాట. మొదటి కార్డుగా అటు పోవద్దని నా సలహా. అదే డబ్బుకు ఇరవై, ముప్పై మంది మామూలు ఆటగాళ్లు వస్తారు. వాళ్లలో కథలున్నవాళ్లకు కొదవ లేదు. న్యూయార్క్ జెయింట్స్ కుర్రాడు ఫ్రెడ్ మెర్కిల్ 1908 సెప్టెంబరు 23న రెండో బేస్ తాకకుండా వెనుదిరగడం వల్ల గెలిచిన ఆట గెలవకుండా పోయింది, చివరికి లీగ్ టైటిలే చేజారింది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేడు కాబట్టి కాబ్ ధర దరిదాపుల్లో కూడా ఉండడు. కానీ ఆ కార్డు చేతిలోకి తీసుకుంటే, ఒక్క క్షణపు పొరపాటును జీవితాంతం మోసిన మనిషి కళ్లలోకి చూసినట్టుంటుంది.

టీ205: చదువుకునేవాళ్ల కార్డు

అందంలో టీ205 ఒక మెట్టు పైనే. అంచులు బంగారు రంగు. నేషనల్ లీగ్ ఆటగాళ్ల కార్డుల మీద సంతకం ముద్ర, అమెరికన్ లీగ్ వాళ్లకు ఆట మైదానం ఆకారంలో చట్రం. రెండు వందల పైచిలుకు కార్డులే కాబట్టి సెట్ పూర్తిచేయడం కూడా మనిషి చేయగలిగిన పని. కష్టమంతా ఆ బంగారు అంచులతోనే. అది ఇట్టే రాలిపోతుంది. తెల్ల అంచుల టీ206 అరిగితే అంతగా తెలియదు, దీనికి మాత్రం ప్రతి గీతా కనిపిస్తుంది. మంచి స్థితిలో ఉన్నది కావాలంటే ధర ఒక్కసారిగా పెరిగిపోతుంది.

అయినా ఈ సెట్‌కి ఒక బలం ఉంది. వెనకవైపు ప్రకటనతో పాటు ఆటగాడి గురించి నాలుగు మాటలు రాశారు. క్లీవ్‌లాండ్ పిచ్చర్ ఆడీ జాస్ కార్డు తిప్పి చూడండి. 1908 అక్టోబరు 2న ఒక్క బ్యాటర్‌ని కూడా బేస్ చేరనివ్వకుండా పర్‌ఫెక్ట్ గేమ్ వేసినవాడు. 1911 ఏప్రిల్ 14న మెదడు పొరలకు క్షయ సోకి చనిపోయాడు, వయసు 31. ఆ ఏడాదే వచ్చిన కార్డు వెనక అతను పోయిన వార్త కూడా అచ్చయింది. జులైలో క్లీవ్‌లాండ్‌లో ఇతర జట్ల మేటి ఆటగాళ్లంతా వచ్చి అతని కుటుంబం కోసం ఒక ఆట ఆడారు, కాబ్ కూడా వచ్చాడు. సిగరెట్ పెట్టెలో ఇచ్చే ఉచిత బొమ్మ మీద చనిపోయినవాడి గురించి వేసిన ఆ ఒక్క వాక్యం కోసమైనా టీ205లో జాస్‌ని కొనుక్కోవచ్చు. ఇది పూర్తిగా నా ఇష్టం. పెట్టుబడి లెక్కలో చూస్తే టీ206 కన్నా దీనికి కొనేవాళ్లు తక్కువ, తిరిగి అమ్మేటప్పుడు ఎక్కువ రోజులు ఆగాల్సి వస్తుంది.

క్రాకర్ జాక్: ఒక్కటే కొనేటట్టయితే

క్రాకర్ జాక్ అంటే బెల్లపు పాకంలాంటి తీపి పూసిన పాప్‌కార్న్, వేరుసెనగ గింజలు. అప్పట్లో షికాగో కంపెనీది. పొగాకు కార్డులకన్నా ఇవి పెద్దవి, రెండుంపావు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల పొడవు. నేపథ్యమంతా నిప్పులాంటి ఎరుపు. గోడకు తగిలించి దూరం నుంచి చూసినా గుర్తుపట్టగలిగే కార్డు ఈ మూడింటిలో ఇదొక్కటే.

ఇక్కడ ఇంకో పోలిక తప్పదు: 1914దా, 1915దా? 1914లో 144 కార్డులు. అవి పెట్టెలోనే, పాప్‌కార్న్ మధ్యలోనే వచ్చాయి కాబట్టి చాలావాటికి తీపి మరకలుంటాయి. 1915లో 176 కార్డులు. ఆ ఏడాది ఒక కూపన్, 25 సెంట్లు పంపితే మొత్తం సెట్ పోస్టులో ఇంటికే వచ్చేది. అందుకే శుభ్రమైన కార్డులు దొరికేవి ఎక్కువగా 1915వే. గుర్తుపట్టడం తేలిక: పక్కకు తిప్పితే వెనక అక్షరాలు తలకిందులుగా ఉంటే 1915. నన్నడిగితే 1915 కొనండి. 1914ది అరుదు, అది నిజమే, కానీ ఆ అరుదుకు కట్టే ధర కొత్తవాళ్లకు అనవసరపు భారం.

క్రాకర్ జాక్ వైపు బలమైన వాదన ఇది. టీ206లో ఎవరికీ అందని వాగ్నర్ ఇక్కడ ఉన్నాడు. కాస్త నలిగిన కార్డైతే లక్షలు కాదు, వేల డాలర్ల మాట. టీ206లో అసలు లేని షూలెస్ జో జాక్సన్ కూడా 103వ నంబరు కార్డులో ఉన్నాడు. డబ్బు తీసుకుని కావాలని ఓడిపోయారన్న 1919 వరల్డ్ సిరీస్ వ్యవహారంలో జీవితాంతం బహిష్కరణకు గురైనవాడు, చనిపోయిన చాలా ఏళ్లకు 2025 మేలో ఆ జాబితాలోంచి అతని పేరు తీసేశారు. అతని కార్డు చవకగా దొరకదు. కానీ ఒక్క కార్డు కొని, ఇంట్లో పెట్టుకుని, పిల్లలకు చూపిస్తూ ఉండాలనుకునేవాళ్లకు డబ్బు కూడబెట్టి కొనదగ్గది ఇదే. సెట్ కట్టడానికి మాత్రం క్రాకర్ జాక్ వద్దు. మామూలు ఆటగాడి కార్డు కూడా టీ206 కన్నా బాగా ఖరీదు, ఉత్సాహం మధ్యలోనే చచ్చిపోతుంది.

ఇంకో పొగాకు సెట్ కూడా ఉంది, 1912 నాటి గోధుమరంగు టీ207. అందులో కాబ్ లేడు, మేటి పిచ్చర్ మాథ్యూసన్ లేడు, బొమ్మల్లో వెలుగూ లేదు. మొదటి కార్డుగా వద్దు.

ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఈ సెట్లన్నిటిలోనూ నల్లజాతి ఆటగాడు ఒక్కడు కూడా లేడు. మేజర్ లీగ్ తలుపులు వాళ్లకు మూసేసిన కాలం అది. నీగ్రో లీగుల మేటి ఆటగాళ్ల పాత కార్డులు కావాలంటే 1920ల నాటి క్యూబా కార్డుల వైపు వెళ్లాలి. ఆ కార్డులు పక్కన లేకుండా ఇవి మాత్రమే చూసి ఆనాటి ఆటంతా ఇదేననుకోకూడదు.

విడిగానా, స్లాబ్‌లోనా?

పీఎస్‌ఏ, ఎస్‌జీసీ లాంటి సంస్థలు కార్డును పరీక్షించి, 1 నుంచి 10 వరకు గ్రేడ్ ఇచ్చి, ప్లాస్టిక్ స్లాబ్‌లో మూసిస్తాయి. పేరున్న ఆటగాడి కార్డైతే స్లాబ్‌లో ఉన్నదే కొనండి. అంకె చూసి మోజుపడొద్దు, నాకైతే 6 కన్నా 2 నచ్చిన సందర్భాలే ఎక్కువ. మూలలు గుండ్రంగా అరిగినా పరవాలేదు. ముఖం మీద మడత, వెనక జిగురు పెట్టి పీకేసిన చోట పోయిన కాగితం, పిన్ను గుచ్చిన రంధ్రం ఇవి చూసుకోండి. రంగు తాజాగా ఉండి, ముఖం శుభ్రంగా ఉన్న 1 గ్రేడ్ కార్డు, వెలిసిపోయిన 3 కన్నా మేలు.

గ్రేడ్ మీదే నమ్మకం పెట్టుకోవద్దనడానికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ 1991లో మరొకరితో కలిసి 4,51,000 డాలర్లకు కొన్న వాగ్నర్ కార్డుకు పీఎస్‌ఏ 8 వచ్చింది. దాని అంచులు తానే కత్తిరించానని వేలంపాటల వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు. అంచులు కోసి కొత్తగా కనబడేలా చేయడం ఈ హాబీకి పట్టిన పాత రోగం. కాబట్టి స్లాబ్‌లో ఉన్నా సరే, కార్డు సైజు, అంచుల నిటారుతనం మీ కళ్లతో చూడండి.

మామూలు ఆటగాళ్ల టీ206 విడిగా కొనొచ్చు, ఒక భూతద్దం చేతిలో ఉంటే చాలు. అసలు కార్డు మీద ఆటగాడి పేరు, జట్టు పేరు గోధుమరంగు సిరాతో నిండుగా ఉంటాయి. అదే రీప్రింట్‌లో ఆ అక్షరాలు రంగురంగుల చుక్కలుగా విడిపోతాయి. తెల్ల అంచులో కూడా చుక్కలు కనబడితే ఇక ఆలోచించక్కర్లేదు. బ్లాక్ లైట్ కింద కాగితం నీలంగా మెరిస్తే అది ఆ కాలపు కాగితం కాదు. అంచులు మసి పూసి, టీ నీళ్లలో ముంచి పాతవాటిగా అమ్మే క్రాకర్ జాక్ రీప్రింట్లు కూడా తిరుగుతుంటాయి, అందుకే ఆ సెట్‌లో విడి కార్డు జోలికి కొత్తవాళ్లు పోవద్దనే చెబుతాను.