మా గట్టు పక్కనే మురుగు కుంటలు: రెండేళ్ల తర్వాత నా మాట

ఊరి మురుగునీటిని శుద్ధి చేసే కుంటలు నా పొలం గట్టును ఆనుకునే ఉన్నాయి. అవి తవ్వేటప్పుడు వద్దంటూ అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఇప్పుడు రెండేళ్లుగా చివరి కుంట నీళ్లే నా పశుగ్రాసానికి పెడుతున్నాను. అందుకే మంచీ చెడూ రెండూ చెప్పగలను.

కుంటలు మూడు. మొదటిది రెండు నిలువుల లోతు. గాలి అక్కర్లేని బ్యాక్టీరియా అడుగున చేరి మురికిని కుళ్లబెడతాయి. వేడి నేలల్లో సేంద్రియ మలినం దాదాపు సగం ఇక్కడే తగ్గిపోతుంది. తెల్లవారుజామున కాస్త వాసన వస్తుంది, దాచడం దేనికి! రెండోది ఒకటిన్నర మీటరు లోతు. నాకు ముచ్చటైన కుంట ఇదే. పగలంతా నాచు ఎండను తాగి ఆక్సిజన్ వదులుతుంది, దానితో బ్యాక్టీరియా మురికిని తింటాయి, అవి విడిచే బొగ్గుపులుసు వాయువు తిరిగి నాచుకు మేత. మోటారు లేదు, కరెంటు పోతే ఆగిపోతుందన్న బెంగా లేదు. మూడోది మీటరు లోతే. ఎండ అడుగుదాకా దిగుతుంది, మధ్యాహ్నానికి నీటి క్షారగుణం పెరుగుతుంది, రోగాల క్రిములు చస్తాయి. ఏలికపాము గుడ్లు నిలకడ నీటిలో బరువుకు అడుగున పడిపోతాయి. మురుగు ఈ చివర చేరి ఆ చివర తేలేసరికి వారాలు గడుస్తాయి. తొందరపడే మనిషికి ఈ పద్ధతి నచ్చదు.

పోయిన వేసవిలో ఒక పొద్దున లేచి చూస్తే రెండో కుంట గులాబీ రంగులో ఉంది! పిల్లలు ఫొటోలు తీసుకుంటున్నారు. నాలుగు రోజుల ముందు రాత్రిపూట ఎవరో సెప్టిక్ ట్యాంకు తోడిన ట్యాంకరును తెచ్చి కాలువలో ఒంపేశారట. ఆ మడ్డి మామూలు మురుగుకన్నా ఎన్నో రెట్లు చిక్కన. ఆక్సిజన్ అడుగంటి, గంధకం మీద బతికే ఊదారంగు బ్యాక్టీరియా పెరిగితే నీళ్లు అలా రంగు మారతాయి. "కుంటకు అజీర్తి చేసిందండీ, కొన్నాళ్లు లంఖణం పెట్టాలి," అన్నాడు కాపలా అతను. అతని మాటే నిజమైంది. మడ్డి పడటం ఆగాక నాచు మళ్లీ పచ్చబడడానికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ నా తూము మూసే ఉంచాను.

నిజానికి ఈ సేవ అంతా ఆ ఒక్క మనిషి చేతిలోని దంతె మీద నిలబడి ఉంది. పొద్దున్నే వచ్చి ఇనుప కడ్డీల జల్లెడకు పట్టిన గుడ్డలూ డైపర్లూ లాగుతాడు, మీద తేలిన తెట్టె తీస్తాడు, గట్టు అంచున గడ్డి కోస్తాడు. ఆ గడ్డి పెరిగితే దోమలు గుడ్లు పెడతాయి. కూతురి పెళ్లికని అతను పది రోజులు సెలవు పెడితే బదులు ఎవరూ రాలేదు. జల్లెడ మూసుకుపోయి, మురుగు పొర్లి, శుద్ధి మాట అటుంచి నేరుగా పక్క వాగులోకి దిగింది. బూట్లూ చేతి తొడుగులూ కూడా అతను సొంత డబ్బుతో కొనుక్కుంటాడు. మొదటి కుంట అడుగున చేరే బురదను ఎప్పుడు తోడతారని కుంటలు నడిపించే పెద్దలను అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నా లెక్కలో కుంటలకు ఐదుకు నాలుగున్నర, నడిపే తీరుకు రెండు. ఆ రెండూ కాపలా అతనివే.

గేటు దగ్గర ఒక బోర్డు ఉంది. దాని మీద బీఓడీకి, అంటే నీటిలోని మురికిని తినడానికి క్రిములకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్కకు, ఒక గడి; మలం కలిసిన ఆనవాలు చెప్పే కోలిఫాం క్రిములకు ఒక గడి. రెండు పరీక్షలూ కొద్ది రోజుల పనే. రెండు గడులూ ఏడు నెలలుగా ఖాళీ. పచ్చిగా తినే కూరలకు ఇలాంటి నీళ్లు పెట్టాలంటే వంద మిల్లీలీటర్లకు మలం నుంచి వచ్చే కోలిఫాం వెయ్యి దాటకూడదనీ, లీటరుకు ఒకటికి మించి పురుగు గుడ్లు ఉండకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే చెప్పింది. మా ఆవిడ టమాటా మడికి కూడా ఈ నీళ్లే మళ్లించమంటోంది. ఆ గడుల్లో అంకెలు పడనీ, చూద్దాం అన్నాను.