కోళ్ల ఎరువు దిబ్బలో అమ్మోనియా ఘాటు: చెరకు ఆకు మేలా, సూపర్ ఫాస్ఫేట్ మేలా, జిప్సం మేలా?

చిత్తూరు చుట్టుపక్కల గుడ్ల కోళ్ల షెడ్ల నుంచి పెంట తోలించుకొని తామే కుళ్లబెట్టుకునే రైతులు తరచుగా అడుగుతున్నది ఒకే ప్రశ్న: దిబ్బ వేసిన కొద్ది రోజులకే కళ్లు మండేంత ఘాటు లేస్తోంది, దానికి ఏం కలపాలి? అలా గాలిలో కలిసిపోయేది పైరుకు అందవలసిన నత్రజని కాబట్టి, ఇరుగుపొరుగువారి గొడవ ఎలా ఉన్నా నష్టం మాత్రం రైతుదే.

కర్బన నత్రజనుల నిష్పత్తి (ఒక పాలు నత్రజనికి కర్బనం ఎన్ని పాళ్లన్నది) పశువుల పేడలో 20కి అటూఇటూగా ఉంటుంది. గుడ్ల కోళ్ల పెంటలో సాధారణంగా అది 10 లోపే. రెట్టలోని యూరిక్ ఆమ్లం త్వరగా విడిపోయి అమ్మోనియా అవుతుంది. సూక్ష్మజీవులు తమ ఎదుగుదలకు వాడుకోగా మిగిలిన అమ్మోనియా, దిబ్బ వేడి 60 డిగ్రీలకు చేరి ఉదజని సూచిక (ఆమ్ల, క్షార గుణాలను తెలిపే pH) 8 దాటేసరికి వాయువుగా లేచిపోతుంది. ఈ నష్టంలో అధిక భాగం మొదటి రెండు మూడు వారాల్లోనే జరుగుతుంది గనుక, ఏది కలిపినా దిబ్బ వేసే రోజునే కలపాలి.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది కర్బనం, అందులోనూ సూక్ష్మజీవులకు వెంటనే అందే కర్బనం. మన ప్రాంతంలో సులువుగా దొరుకుతుందని చాలామంది వేరుశనగ పొట్టు కలుపుతారు. అది తడిని పీల్చుకుంటుంది, దిబ్బలో గాలి ఆడేలా చేస్తుంది. అయితే లిగ్నిన్ (త్వరగా కుళ్లని గట్టి చెక్క పదార్థం) ఎక్కువగా ఉన్నందువల్ల దానిలోని కర్బనం నెలల తరబడి నెమ్మదిగా విడుదలవుతుంది, అమ్మోనియా లేచే ఆ మొదటి వారాల్లో అక్కరకు వచ్చేది కొంతే. కాగితం మీద నిష్పత్తి కావలసిన 30కి వచ్చినా ఘాటు తగ్గలేదని వాపోయేవారు చాలావరకు పొట్టునో రంపపు పొట్టునో నమ్ముకున్నవారే. జానెడు ముక్కలుగా నరికిన చెరకు ఆకు, వరిగడ్డి ఇంతకంటే త్వరగా చివుకుతాయి. చెరకు పిప్పి ఎలాగూ బెల్లం పొయ్యిలోకే పోతుంది. చేలో తగలబెడుతున్న ఆకును మాత్రం దిబ్బకు మళ్లించవచ్చు. ఒక గంప పచ్చి పెంటకు రెండు మూడు గంపల ఎండు ఆకు వేసి, పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలకు మించి నీరు కారనంత తడి ఉంచితే చాలు.

భాస్వరపు ఎరువైన సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ పనితనాన్ని కాదనలేము. దానిలోని ఆమ్లగుణం ఉదజని సూచికను దించుతుంది, అమ్మోనియా లవణాలుగా మారి దిబ్బలోనే నిలుస్తుంది. పేడ దిబ్బలకు అది బాగా నప్పుతుంది. కోళ్ల పెంటలో మాత్రం దాణా ద్వారా వచ్చిన భాస్వరం ఇప్పటికే మెండుగా ఉంటుంది. ఏటా అదే చేనుకు ఆ ఎరువు తోలేవారు మరికొంత భాస్వరాన్ని డబ్బు పెట్టి కొనడం నాకు సబబుగా తోచదు. సేంద్రియ ధ్రువీకరణ ఉన్నవారికి అది ఎటూ కుదరదు.

జిప్సం ఆమ్లత్వాన్ని అంతగా పెంచదు గానీ, అమ్మోనియం కార్బొనేట్‌తో కలిసి దాన్ని అమ్మోనియం సల్ఫేట్‌గా మారుస్తుంది. వేరుశనగకు ఊడలు దిగే వేళ మనం ఎలాగూ జిప్సం వేస్తాం కాబట్టి, ఆ చేనికే వెళ్లే ఎరువులో దాన్ని ముందే కలిపితే కాల్షియం, గంధకం వృథా కావు. దిబ్బ ఎండు బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు సరిపోతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో దిబ్బ నానిపోతే మాత్రం అందులోని సల్ఫేటు కుళ్లిన గుడ్డు వాసనగా మారుతుంది. పైన పట్ట కప్పడం తప్పనిసరి. మామిడి తోటకు తోలే ఎరువైతే నేను చెరకు ఆకుతోనే సరిపెడతాను, వేరుశనగకైతే దానికి జిప్సం జోడిస్తాను.

జియోలైట్ (అమ్మోనియాను పట్టి ఉంచే ఖనిజం), పటిక పనిచేస్తాయి, కానీ ఖర్చు మన ఎరువు విలువకు మించుతుంది. బొగ్గుపొడి దొరికితే కలపండి. దిబ్బ మీద జానెడు మందాన మాగిన పాత ఎరువు పరచడానికి పైసా ఖర్చు లేదు, ఏ పద్ధతికైనా అది జత చేసుకోదగినదే. తిరగవేసిన ప్రతిసారీ అమ్మోనియా ఒక్కసారిగా లేస్తుంది కాబట్టి, మొదటి రెండు వారాలు వేడి 70 డిగ్రీలకు చేరితే తప్ప దిబ్బను కదపకపోవడం మంచిది. పొయ్యి బూడిదను, సున్నాన్ని దిబ్బలో వేసే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. అవి ఉదజని సూచికను పెంచి అమ్మోనియాను తరిమేస్తాయి గనుక, బూడిదను విడిగా దాచి ఎరువు పూర్తిగా మాగాక చేలో చల్లుకోవాలి.