నీస్: ఈత కన్నా షికారుకే బాగుండే ఊరు

ఫ్రాన్స్‌లోని నీస్ బీచ్‌లో ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్లే. రబ్బరు చెప్పులు లేకుండా నీళ్లలోకి దిగితే అరికాళ్లు మంటెత్తిపోతాయి. అయినా ఇది ఈత కోసం పుట్టిన ఊరు కాదు. చలి తట్టుకోలేని ఇంగ్లిష్ డబ్బున్నవాళ్లు చలికాలమంతా ఇక్కడే గడిపేవారు. సముద్రం పక్కన నడవడానికి 1820ల్లో వాళ్లు చందాలేసుకుని వేయించిన బాటే ఇప్పటి ప్రొమెనాడ్ దెజాంగ్లే. అప్పటికి ఈ ఊరు ఫ్రాన్స్‌ది కూడా కాదు, 1860లోనే కలిసింది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది కూడా ఈ 'చలికాలపు విడిది' చరిత్రకే.

అందుకే మేము మార్చిలో వెళ్లాం. నీళ్లు చల్లగా ఉన్నా ఎండ హాయిగా ఉంది. ప్రొమెనాడ్ మీద నీలం కుర్చీలు ఉంటాయి, ఎంతసేపు కూర్చున్నా డబ్బులడగరు. 1913 నాటి నెగ్రెస్కో హోటల్ గులాబీ గోపురాన్ని కూడా అక్కడినుంచే చూశాం. అందులో దిగే స్తోమత మాకు లేదు లెండి.

బస విషయంలో పాతబస్తీ, అంటే వియూ నీస్, ఫొటోల్లో ఎంతో అందంగా ఉంటుంది. కానీ చాలా ఇళ్లకు లిఫ్ట్ ఉండదు, కింద బార్ల గోల అర్ధరాత్రి దాటినా తగ్గదు. పెద్దవాళ్లతో వెళ్తే వద్దు. మేము స్టేషన్‌కీ సముద్రానికీ మధ్య చిన్న వంటగది ఉన్న స్టూడియో తీసుకున్నాం. గది ఇరుకే గానీ శుభ్రంగా ఉంది, రాత్రిపూట అన్నం, పప్పు వండుకోగలిగాం. ఊరి పన్ను మాత్రం మనిషికి, రాత్రికి ఇంత అని విడిగా కట్టించుకున్నారు. బుక్ చేసేటప్పుడే అడగండి. ఎయిర్‌పోర్ట్ నుంచి ట్రామ్ ఉంది, టాక్సీ అక్కర్లేదు.

తిండి దగ్గర శాకాహారులకు కాస్త తిప్పలే. సలాడ్ నిసువాజ్‌లో ట్యూనాయో ఆంకొవీ చేపో ఉంటుంది, పిస్సలాదియేర్ అనే ఉల్లిపాయల రొట్టె మీదా ఆంకొవీయే. దిగులు తీర్చింది సోకా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. కూర్ సలేయా బజారులో ఒకావిడ అంచులు మాడిన సోకాని గరిటెతో గీకి, కాగితంలో వేసి, మిరియాల పొడి చల్లి ఇచ్చింది. అచ్చం మన శనగపిండి అట్టు, కాకపోతే పొయ్యి వాసనతో. వేడివేడిగా తినాలి, చల్లారితే తోలు. సోమవారం ఆ బజారులో పూలు, కూరగాయలు ఉండవు, పాత సామాన్లు అమ్ముతారు.

కోట కొండ ఎక్కడానికి ఉచిత లిఫ్ట్ ఉంది. పైన కోట మాత్రం లేదు, 1706లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ పడగొట్టించాడు. వంపు తిరిగిన తీరమంతా కనిపించేది మాత్రం అక్కడినుంచే. మ్యూజియాల్లో ఒక్కటే చూసే తీరిక ఉంటే నా ఓటు చిత్రకారుడు షగాల్ మ్యూజియానికే. అదీ, మరో చిత్రకారుడు మతీస్ మ్యూజియమూ మంగళవారం మూసేస్తారు.

ఇసుకే కావాలంటే రైల్లో పది నిమిషాల్లోపే పక్క ఊరు విల్‌ఫ్రాంష్. అదే లైన్లో ఇంకాస్త ముందుకెళ్తే మొనాకో. కుడివైపు కూర్చుంటే సొరంగాల మధ్య సముద్రం కనిపిస్తుంది. మొనాకో చూసి సాయంత్రానికి నీస్‌కే వచ్చేయండి, అక్కడ రాత్రి బస పెట్టుకుంటే జేబుకి చిల్లే.