పొద్దున ఆరుకు వచ్చే సూర్యుడి రిపోర్టు: అనంతపురంలో ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికాలోని బౌల్డర్‌లో ఉన్న స్పేస్ వెదర్ ప్రిడిక్షన్ సెంటర్ సూర్యుడి నుంచి వచ్చే తుపానుల మీద మూడు రోజుల అంచనాను రోజుకు రెండుసార్లు వదులుతుంది. మన టైములో పొద్దున ఆరుకు, మళ్లీ సాయంత్రం ఆరుకు. డబ్బు కట్టే పని లేదు, లాగిన్ గోల లేదు. ఆర్‌టీకే రోవర్‌తో (సెంటీమీటర్ల లెక్కన కొలిచే జీపీఎస్ పరికరం) శెనక్కాయ చేలు, కాలువలు కొలిచేవాళ్లకైనా, హామ్ రేడియోవాళ్లకైనా ఐదుకు నాలుగు మార్కుల సరుకు. కాకపోతే అనంతపురంలో కూర్చుని చదివేవాళ్లకు అసలు కావాల్సిన అంకె ఆ పేజీలో లేదు.

అందులో మొదట ఉండేది కేపీ పట్టిక. భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కుదుపుకు గురైందో 0 నుంచి 9 దాకా చెప్పే అంకె కేపీ. వరసకు మూడు గంటలు, అన్నీ యూటీలో, అంటే గ్రీనిచ్ టైములో. ఐదున్నర గంటలు కలుపుకోవాలి: 12-15 వరస అంటే మనకు సాయంత్రం 5:30 నుంచి రాత్రి 8:30. తుపాను తీవ్రతకు జీ మెట్లు: కేపీ 5 అయితే జీ1 (చిన్నది), 9 అయితే జీ5 (అన్నిటికంటే పెద్దది). 2024 మే 10న వచ్చింది జీ5. అంతకుముందు అలాంటిది 2003 అక్టోబరులోనే. అయితే కేపీని లెక్కగట్టే 13 కేంద్రాల్లో ఒక్కటీ మన వైపుది కాదు, భూమధ్యరేఖకు దూరంగా ఉన్నవే అన్నీ. పొద్దుగూకినాక మన నెత్తిన జరిగేది వాటికి అందదు.

జరిగేదేమంటే, చీకటి పడగానే అయనోస్ఫియర్ (వాతావరణం పైన విద్యుదావేశం ఉన్న భాగం) పైపొర లేచి, దాంట్లో పలచటి బుడగలు పుడతాయి. వాటి గుండా వచ్చే జీపీఎస్ సిగ్నల్ చుక్కలా మిణుకుతుంది. మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్ నెలల్లో రాత్రి ఏడున్నర నుంచి అర్ధరాత్రి దాకా ఇదే తంతు. కేపీ 1 ఉన్నా సరే, రోవర్‌లో ఫిక్స్ (సెంటీమీటర్ల కచ్చితత్వం) పోయి ఫ్లోట్ (దానికంటే మోటు లెక్క) పడుతుంది. రెండు ఫ్రీక్వెన్సీల రిసీవర్ ఉంది కదా అనుకోవద్దు. అది సిగ్నల్ ఆలస్యాన్ని సరిచేస్తుంది గానీ మిణుకును కాదు. జీపీఎస్ వాడే ఫ్రీక్వెన్సీల్లో ఎల్5 మీద ఆ దెబ్బ ఎల్1 కంటే ఎక్కువే. జీపీఎస్‌తో పాటు గ్లోనాస్, గెలీలియో, బెయ్‌డౌ లాంటి ఇతర దేశాల ఉపగ్రహ వ్యవస్థలన్నీ ఆన్‌లో ఉంచితే బుడగ తగలని ఉపగ్రహాలు కొన్నైనా మిగులుతాయి. ఫిక్స్ తిరిగొచ్చాక తెలిసిన పాయింటు మీద ఒకసారి సరిచూసుకోకుండా ముందుకు పోవద్దు.

దీనికి చూడాల్సింది ఎఫ్10.7, అంటే సూర్యుడు ఎంత చురుగ్గా ఉన్నాడో రేడియో వెలుగుతో చెప్పే అంకె. తెల్లవారుజామున మూడున్నరకు వచ్చే మరో రిపోర్టులో ఉంటుంది, 90 రోజుల సగటుతో సహా. ఆ సీజన్లో 150 దాటిందంటే కొలతలు పొద్దు ఉండగానే ముగించడం మేలు.

సూర్యుడి తుపాను వచ్చే టైము విషయంలో అంచనా పది గంటలు అటూఇటూ కావడం మామూలే. సూర్యుడి నుంచి ఊడిన మేఘంలో అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉందా లేదా అన్నదే తుపాను బలాన్ని తేల్చేది; అది 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపు ఉపగ్రహాలు నిలిచే ఎల్1 అనే చోటికి (పైన చెప్పిన ఫ్రీక్వెన్సీ కాదు) చేరాకే తెలుస్తుంది. (శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆదిత్య కాపురం కూడా అక్కడే.) అక్కడి నుంచి మనకు మిగిలేది పావుగంట నుంచి గంట.

రేడియో మూగబోయే బ్లాకౌట్లకు ఆ వ్యవధి కూడా ఉండదు. ఎక్స్ తరగతి (అన్నిటికంటే పెద్ద రకం) సూర్య జ్వాల ఎక్స్‌రేలు వెలుగుతో పాటే వచ్చిపడతాయి కాబట్టి రిపోర్టులో అవకాశం ఎంత అని శాతాలే ఇస్తారు. పట్టపగలు 7 మెగాహెర్ట్జ్ ఉన్నట్టుండి మూగబోతే ఏంటెన్నా విప్పే ముందు గోస్ అనే అమెరికా ఉపగ్రహాల ఎక్స్‌రే గ్రాఫ్ చూడండి. గీత నిటారుగా లేచి ఉంటే 21 మెగాహెర్ట్జ్‌కి మారండి. పై బ్యాండ్లే ముందు తేరుకుంటాయి.