మస్కట్ నుంచి 14 పెట్టెలు: వైజాగ్ క్లియరింగ్ ఏజెంటుకి నా మార్కులు

ఓడలో వచ్చిన సామానుని కస్టమ్స్ నుంచి విడిపించి ఇచ్చే ఆఫీసుకి ఐదుకి మూడు ఇస్తున్నాను. అందులో రెండు ఆ ఆఫీసులో ఫైళ్లు చూసే అమ్మాయివి, ఒకటి పెట్టెలు పగలకుండా దింపిన కుర్రాళ్లది. ఓనరు గారికి సున్నా. ఆఫీసు పేరు రాయడం లేదు, ఎందుకంటే రేపు మా మరిది సామాను కూడా అక్కడికే వెళ్లేలా ఉంది.

మస్కట్‌లో తొమ్మిదేళ్లు నర్సుగా చేసి, 2023 మేలో గోపాలపట్నంలో మా ఇంటికి పూర్తిగా వచ్చేశాను. బయల్దేరే ముందే ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కుట్టు మిషన్, టీవీ, దుప్పట్లు, గిన్నెలు అన్నీ ఓడకి వేయించాను. మొత్తం 14 పెట్టెలు. ఓనరు గారు ఫోన్లో "పద్దెనిమిది వేలు, అన్నీ కలిపే మేడం" అన్నారు. "అన్నీ" అంటే ఏమేమిటని అడగకపోవడం నా తప్పే.

ముందు ఆ అమ్మాయి గురించి చెప్పాలి. అప్పట్లో నడిచినవి 2016 బ్యాగేజీ రూల్స్. రెండేళ్లు, ఆ పైన బయట ఉండి తిరిగొచ్చేవాళ్లకి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ (నివాసం మార్చుకోవడం) కింద 5 లక్షల దాకా ఇంటి సామానుకి డ్యూటీ, అంటే కస్టమ్స్ పన్ను, ఉండేది కాదు. వీళ్లంతా దీన్ని టీఆర్ అంటారు. కాకపోతే గడిచిన రెండేళ్లలో సెలవలకి ఇండియా వచ్చి ఉన్న రోజులన్నీ కలిపి ఆరు నెలలు దాటకూడదు. గడిచిన మూడేళ్లలో ఈ రాయితీ వాడి ఉండకూడదు. మా అమ్మ ఆపరేషన్‌కి ఒకసారి ఎక్కువ రోజులు ఉండిపోయాను కదా, నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ అమ్మాయి పాస్‌పోర్టులో ఒక్కో ముద్రా పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ లెక్కేసి "112 రోజులు మేడం, మీకు భయం లేదు" అంది. తర్వాత నా ప్యాకింగ్ లిస్టు చూసి తల పట్టుకుంది. "వంట సామాను - 1 పెట్టె" అని రాసిచ్చాను మరి. కూర్చోబెట్టి కుక్కర్లు ఎన్ని, మిక్సీ ఎన్నేళ్ల పాతది, ఒక్కోటీ ఎంత చేస్తుందో అన్నీ విడివిడిగా రాయించింది.

ఆ రాత ఎంత పనికొచ్చిందో గాజువాక వైపు గోడౌన్లో తనిఖీ రోజున తెలిసింది. కస్టమ్స్ ఆఫీసరు గారు లిస్టు పట్టుకుని మూడంటే మూడు పెట్టెలు విప్పించారు. ఫ్రిజ్ వెనక స్టిక్కర్ దగ్గర వంగి లీటర్లు చూశారు. 300 లోపయితే ఫ్రీ, దాటితే డ్యూటీ పడేది. మాది 280. వాషింగ్ మెషీన్ ఒకటే, అదీ ఫ్రీ. టీవీ దగ్గరికొచ్చేసరికి కథ మారింది. ఫ్లాట్ ప్యానెల్ టీవీకి ఈ మాఫీ వర్తించదట. వాడింది కదా అని విలువ తగ్గించి 24,000గా లెక్కకట్టారు, దాని మీద 38.5 శాతం, అంటే 9,240 రూపాయలు. ఈ ముక్క ఓనరు గారు ముందే చెప్పి ఉంటే ఆ టీవీని అక్కడే రూమ్మేట్‌కి ఇచ్చేసి వచ్చేదాన్ని.

బంగారం సంగతి వేరు, అది నా ఒంటి మీద శంషాబాద్‌లో దిగింది. అప్పటి రూల్స్‌లో ఏడాది పైన బయట ఉన్న ఆడవాళ్లకి 40 గ్రాముల నగలు డ్యూటీ లేకుండా అన్నారు సరే, పక్కనే లక్ష రూపాయలు మించకూడదని కూడా రాశారు. గ్రాము ఐదున్నర వేలున్న రోజుల్లో లక్షకి 18 గ్రాములే వస్తాయి. ఇది తెలియక మా వార్డులో ఒకావిడ గాజులన్నీ వేసుకుని దిగి డ్యూటీ కట్టుకుంది.

ఇక బిల్లు. పద్దెనిమిది వేలన్నది డ్యూటీ కాకుండానే 41,500 అయింది. కన్సాలిడేటర్ (నలుగురి సామానూ ఒకే కంటైనర్లో కలిపి పంపే కంపెనీ) దగ్గర డెలివరీ ఆర్డర్‌కి, అంటే సామాను ఇవ్వమనే కాగితానికి ఒకటి, గోడౌన్లో దింపుడుకి ఒకటి, గ్రౌండ్ రెంట్, అంటే సామాను అక్కడ ఉంచినందుకు అద్దె ఒకటి. గ్రౌండ్ రెంట్ దగ్గరే నాకు ఒళ్లు మండింది. పెట్టెలు వచ్చాయని నాకు చెప్పడానికే వాళ్లకి తొమ్మిది రోజులు పట్టింది, ఈలోపు అద్దె పడని ఫ్రీ రోజులు అయిపోయాయి. ఆలస్యం వాళ్లది, అద్దె నాది. అడిగితే ఓనరు గారు "పోర్టు వ్యవహారం మేడం, ఇలాగే ఉంటాది" అన్నారు. చివర్లో "ఇతరాలు - 3,500" అని ఇంకో గీత.

సొంత సామానుకి ఏజెంటు తప్పనిసరి కాదని, పాస్‌పోర్టు, లిస్టు పట్టుకుని మనమే డిక్లరేషన్ ఇచ్చుకోవచ్చని తనిఖీ రోజునే తెలిసింది. అయినా డెలివరీ ఆర్డర్ కోసం, గోడౌన్ కోసం, పోర్టు ఏరియాలో కస్టమ్ హౌస్ కోసం మూడు చోట్ల తిరిగే ఓపిక నాకయితే లేదు. మళ్లీ పంపాల్సి వస్తే అదే ఆఫీసుకి వెళ్తాను, ఆ అమ్మాయి ఉంటేనే. రేటు మాత్రం ఏ ఖర్చుకి ఎంతో విడివిడిగా వాట్సాప్‌లో రాయించుకుంటాను, గోడౌన్ అద్దెతో సహా.

ఆ 3,500కి రసీదు అడిగి వారం అయింది. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.