హావ్‌లాక్‌లో స్కూబా: డబ్బు దేనికి పెట్టాలి, దేనికి పెట్టకూడదు

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవి (ఇప్పుడు అధికారికంగా స్వరాజ్ ద్వీప్) జెట్టీలో దిగిన దగ్గర్నుంచి ‘అరగంట స్కూబా, ఫొటోలు, వీడియో ఫ్రీ’ అన్న మాటే చెవిన పడుతుంది. మేం వెళ్లినప్పుడు మనిషికి 3,500 నుంచి 4,500 దాకా అడిగారు. అరగంట అంటే నీళ్లకింద అరగంట అనుకుంటే మోసపోయినట్టే. సూటు తొడుక్కోవడం, నడుంలోతు నీళ్లలో నేర్పే నాలుగు సంగతులు, రీఫ్ (పగడాల దిబ్బ) దాకా వెళ్లడం అన్నీ అందులోనే కలిపేస్తారు. మేం డబ్బు కట్టిన సెంటర్‌వాళ్లు కింద ఉంచింది పావుగంట కూడా లేదు, అందులో సగం కెమెరా ముందు చేతులూపడానికే సరిపోయింది. బుకింగ్ అప్పుడు ‘ఒకరికి ఒక ఇన్‌స్ట్రక్టర్’ అన్నవాళ్లు తీరా దిగేముందు ఇద్దరికి ఒకర్ని పెట్టారు. మెడికల్ ఫారం చదవనివ్వకుండా ‘ఇక్కడ సంతకం పెట్టండి సార్’ అన్నారు. మాతో వచ్చిన మరదలికి జలుబు. ముక్కు, సైనస్ ఇబ్బందుల గురించి ఆ ఫారంలోనే అడుగుతారు కానీ, అక్కడ ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. కిందికి దిగిన కాసేపటికే చెవి నొప్పితో పైకి వచ్చేసింది. డబ్బు మాత్రం తిరిగి ఇచ్చేది లేదన్నారు. ఆ సాయంత్రం ఎవరికీ అన్నం సయించలేదు.

నిజానికి చెవి సంగతి ఒక్కటి ఓపిగ్గా నేర్పితే సగం గొడవ ఉండదు. ఉపరితలం మీద ఒక బార్ ఉండే ఒత్తిడి పది మీటర్ల లోతుకే రెండు బార్లు అవుతుంది. ఆ మార్పు చెవికి ఎక్కువగా తెలిసేది మొదటి రెండు మూడు మీటర్లలోనే. నొప్పి మొదలయ్యాక ముక్కు మూసి ఊదితే అప్పటికే ఆలస్యం, లోపలి గొట్టం బిగుసుకుపోయి గాలి వెళ్లదు. నీళ్లలో తల ముంచగానే ఒకసారి, ఆ తర్వాత అర మీటరుకోసారి, మాస్క్ మీదుగా ముక్కు పట్టుకుని మెల్లగా ఊదాలి. చెవిలో చిన్నగా టిక్‌మంటే పని అయినట్టు. టిక్‌మనకపోతే గట్టిగా ఊదొద్దు. ఒక మీటరు పైకి వచ్చి, మింగి, మళ్లీ ప్రయత్నించాలి. జలుబు ఉంటే అసలు దిగొద్దు. మందు వేసుకుని దిగితే నీళ్లలో ఉండగానే దాని ప్రభావం తగ్గి, పైకి వచ్చేటప్పుడు గాలి ఇరుక్కుంటుంది. దిగేటప్పటి నొప్పికంటే అది ప్రమాదం.

ఇంకో రెండు సంగతులు. బొటనవేలు పైకెత్తితే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి పోదాం’ అని అర్థం. కొత్తవాళ్లు ఆనందంగా ఆ సైగ చేసి చక్కటి డైవ్‌ని వాళ్లే ఆపేస్తారు. రెండోది, ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దు. పది మీటర్ల దగ్గర పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది, వదలకపోతే ఊపిరితిత్తులకే దెబ్బ. మీసాలున్నవాళ్లు ముక్కుకి ఆనుకున్న మీసం కాస్త కత్తిరించుకుంటే మాస్క్‌లోకి నీళ్లు కారవు. కళ్లద్దాల వాళ్లు పవర్ మాస్క్ ఉందా అని ముందురోజే ఫోన్ చేసి అడగాలి.

డబ్బు కట్టేముందు అడగాల్సింది ఫొటోల గురించి కాదు. నీళ్లకింద ఎన్ని నిమిషాలు, ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది, ఒడ్డునుంచా బోటులోనా, చెవి పట్టేసి పైకి వస్తే ఎంత తిరిగిస్తారు. ఈ నాలుగింటికీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా జవాబివ్వని చోట ఆగొద్దు.

ఇక చోట్లు. నీమో రీఫ్ ఒడ్డునుంచే నడిచి దిగేది, మొదటిసారికి సరిపోతుంది. అనిమోన్‌లు అనే పూలలాంటి సముద్రజీవుల మధ్య క్లౌన్‌ఫిష్‌లను దగ్గరగా చూడొచ్చు. పొద్దున్నే మొదటి బ్యాచ్ అడగండి. తొమ్మిది దాటితే కాళ్లకి తొడుక్కునే ఫిన్స్ తాకిడికి ఇసుక లేచి నీళ్లు మసకబారతాయి. లోతు తక్కువ చోట పగడాలు చాలాభాగం విరిగి బూడిదరంగులో ఉంటాయని ముందే తెలిసుంటే నిరాశ ఉండదు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబారిపోయాయి, ఆ దెబ్బ తక్కువ లోతులో బాగా కనబడుతుంది.

అసలు అండమాన్ చూడాలంటే ఇంకా లోతుకి పోవాలి. జెట్టీకి దగ్గర్లోని ‘ది వాల్’ దగ్గర రాతిగోడ నిటారుగా కిందికి దిగిపోతుంది, దాని నిండా మెత్తని పగడాలు. డిక్సన్స్ పినాకిల్, జానీస్ గార్జ్ ఇంకా లోతు, ప్రవాహమూ ఎక్కువ. 30 మీటర్లదాకా అనుమతించే అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే ఆ రెండూ. బారకూడా చేపల గుంపు తల మీదుగా వెళ్తుంటే కింద ఉన్నవాళ్లంతా కదలకుండా ఉండిపోతారు. ఆ ఒక్క డైవ్ కోసం ఎంత ఖర్చుపెట్టినా బాధపడను. ఒక జాగ్రత్త: టైటన్ ట్రిగ్గర్‌ఫిష్ గూడు కాస్తుంటే మీదికి వస్తుంది, కొరుకుతుంది కూడా. దాని హద్దు గూటి దగ్గర ఇరుకుగా మొదలై పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. అందుకని పైకి తప్పించుకోవద్దు, పక్కకి ఈదాలి.

పక్కనున్న నీల్ దీవి (ఇప్పుడు షహీద్ ద్వీప్) ప్రశాంతంగా ఉంటుంది. అయితే భరత్‌పూర్ బీచ్ దగ్గర జెట్ స్కీల గోల ఉంటుంది, డైవింగ్ కోసమే అయితే హావ్‌లాక్ చాలు.

నాలుగురోజుల సమయం ఉన్నవాళ్లు ఆ పావుగంట డైవ్‌లు మూడు కొనేబదులు డైవింగ్ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సు చెయ్యడం మేలు. మాకు చెప్పింది సుమారు 30,000. 18 మీటర్లదాకా ఎక్కడైనా దిగొచ్చు, ట్యాంకులో గాలి ఎంతుందో, ఎప్పుడు పైకి రావాలో మనమే చూసుకుంటాం. పదేళ్లు నిండిన పిల్లలూ చేరొచ్చు, కానీ పది, పదకొండేళ్ల వాళ్లకి 12 మీటర్లే. ఈత రానివాళ్లకి కోర్సు కుదరదు.

బస విషయంలో గోవింద్‌నగర్, విజయ్‌నగర్ వైపు ఉండండి, చాలా డైవ్ సెంటర్లు ఆ వైపే. రాధానగర్ బీచ్ అందంగా ఉంటుంది కానీ అక్కణ్ణుంచి తెల్లవారుజామున ఆటో దొరకడం కష్టం. గోవింద్‌నగర్ వైపు ఆటుకి నీళ్లు బాగా వెనక్కి పోతాయి, రాళ్లు తేలతాయి. అందుకని ‘సీ వ్యూ’ గదికి ఎక్కువ పెట్టొద్దు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకూ సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

చివరిరోజు లెక్క తప్పితే ప్రాణం మీదికొస్తుంది. ఒకే డైవ్ చేస్తే 12 గంటలు, వరసగా చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఆఖరి డైవ్ ముగిశాక ఆ మర్నాడు ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) చేరి, రాత్రి అక్కడే ఉండి, తర్వాతి రోజు టికెట్ పెట్టుకోండి. ఫెర్రీ రద్దయినా ఒకరోజు చేతిలో ఉంటుంది.