స్వాంటన్ బెర్రీ ఫామ్: స్ట్రాబెరీలు మీరే కోసుకునే ముందు

డబ్బు మిగులుతుందనుకుని వెళ్లేవాళ్లకు కాలిఫోర్నియా తీరంలోని ఈ తోట నప్పదు. ఇది ఆర్గానిక్ పండు, తూకానికి ధర కడతారు, కోసే కష్టం మనదే. కాస్ట్‌కో లాంటి టోకు దుకాణంలో దొరికే డబ్బాతో బేరం చూసుకుంటే నిరాశే. రుచి కోసమైతే మాత్రం బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) నుంచి బండి తీయాల్సిన చోటే.

శాంటాక్రూజ్ నుంచి హైవే 1 మీద ఉత్తరంగా వెళ్తే, డావెన్‌పోర్ట్ ఊరు దాటిన కాసేపటికి రోడ్డు పక్కనే తోట దుకాణం కనిపిస్తుంది. శాన్ హోసె వైపు నుంచి హైవే 17 మీదుగా వచ్చేవాళ్లకు శని, ఆదివారాల్లో పొద్దెక్కితే కొండదారిలో ట్రాఫిక్ తప్పదు. తీరం వెంట ఫోన్ సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. కాబట్టి మ్యాపు ముందే దించుకోండి, ఆ రోజు కోతకు తోట తెరిచారో లేదో కూడా ఇంట్లోనే చూసుకుని బయల్దేరండి.

1983లో జిమ్ కొక్రన్ మొదలుపెట్టిన ఈ తోట కాలిఫోర్నియాలో ఆర్గానిక్ సర్టిఫికెట్ పొందిన తొలి స్ట్రాబెరీ తోట. మిగతా రైతులు నాటే ముందు మిథైల్ బ్రోమైడ్ వాయువుతో నేలను శుద్ధి చేస్తుంటే, ఇక్కడ బ్రోకలీ, కాలీఫ్లవర్ లాంటి పంటలతో మార్చి మార్చి వేసి నేలలోని తెగుళ్లను అదుపులో పెట్టారు. 1998లో యునైటెడ్ ఫామ్ వర్కర్స్ అనే వ్యవసాయ కార్మికుల సంఘంతో ఒప్పందం చేసుకున్న తొలి ఆర్గానిక్ తోట కూడా ఇదే. దుకాణంలో కొన్నవాటికి మనమే లెక్క కట్టి గల్లాపెట్టెలో డబ్బు వేసే పద్ధతి చాలా ఏళ్లుగా నడుస్తోంది. చిల్లర దగ్గర ఉంచుకోండి.

పేరు తెచ్చినది చాండ్లర్ రకం. మెత్తని పండు, దూరం లారీలో పోతే నలిగిపోతుంది, అందుకే సూపర్‌మార్కెట్లో అరుదు. చల్లని సముద్రపు గాలికి పండు నిదానంగా ఎదుగుతుంది కాబట్టి తీపి బాగా పడుతుంది.

కోతలో మనవాళ్లు తడబడేది ఒక్కచోటే. మామిడి దోరగా ఉండగా కోసి గడ్డిలో మాగబెట్టడం మనకు అలవాటు. స్ట్రాబెరీ అలా మాగదు. కోసిన తర్వాత రంగు కాస్త ముదురుతుందేమోగానీ తీపి పెరగదు. ముచ్చిక దగ్గర తెల్లగా ఉంటే వదిలేయండి. ఆకుల కింద చెయ్యి పెట్టి పండును తిప్పి చూడండి: పైనుంచి నిండు ఎరుపుగా కనిపించేది, మట్టివైపు తెల్లగా ఉండొచ్చు. పండును పట్టుకుని లాగకండి. పండుకు సెంటీమీటరు పైన కాడను బొటనవేలి గోటితో నొక్కి తుంచితే, ముచ్చికతో సహా వస్తుంది. ముచ్చిక ఊడిన పండులోంచి రసం కారి పక్కవాటిని కూడా పాడు చేస్తుంది.

బకెట్ వద్దు. వెడల్పాటి పళ్లెం లాంటి డబ్బాలు తెచ్చుకుని, పండు నాలుగంగుళాల మందం మించకుండా పరచండి. అంతకు మించితే అడుగువి చితికిపోతాయి. నడవాల్సింది బోదెల మధ్య కాలువలో. పిల్లలకు ఈ మాట ముందే చెప్పండి, బోదె ఎక్కితే వేళ్లు నలుగుతాయి.

జూన్, జూలైల్లో పొద్దున సముద్రం మీంచి పొగమంచు కమ్ముకుని ఉంటుంది, స్వెట్టర్ కావాలి. పండ్ల మీద తడి ఉంటే ఆరే వరకూ ఆగి కోయడం మేలు. తడిపండు డబ్బాలో మూసిపెడితే ఒకటి రెండు రోజులకే బూడిదరంగు బూజు పడుతుంది. ఎండ బాగా ఎక్కాక కోసినా నష్టమే, వేడెక్కిన పండు త్వరగా మెత్తబడుతుంది.

అసలు దెబ్బ తగిలేది తిరుగు ప్రయాణంలో. తీరంలో చలిగా ఉన్నా, కొండ దాటి లోయలో దిగేసరికి ఎండ మండుతుంది, డిక్కీలో పెట్టిన పండు ఇంటికొచ్చేలోపు ముద్దవుతుంది. ఐస్ వేసిన కూలర్ డబ్బాలో, లేదా ఏసీ తగిలేలా కారు లోపల పెట్టుకోండి. మధ్యలో బీచ్‌కు వెళ్లాలనుకుంటే కోత ఆఖరున పెట్టుకోండి.

పిల్లలు కొత్తరకం అడిగితే వాట్సన్‌విల్‌లోని గిజ్డిచ్ ర్యాంచ్‌కు వెళ్లొచ్చు. లోగన్‌బెరీ, యంగ్‌బెరీల సంకరమైన ఒలాలీబెరీ అక్కడ దొరుకుతుంది. సీజన్ కొద్ది వారాలే. నిగనిగలాడే నల్లది ఇంకా పుల్లన. నిగారింపు తగ్గి, వేలు తగలగానే ఊడిపడేది కోయండి. చేతులకు ముళ్లు గుచ్చుకుంటాయి, బట్టలకు మరక పోదు.

ఇంటికొచ్చాక కడగకుండా, పేపర్ టవల్ పరిచిన డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తినేయండి. తినేముందే కడగాలి, కడిగాకే ముచ్చిక తీయాలి, లేకపోతే నీళ్లు లోపలికి పోతాయి. మిగిలినవాటిని ట్రేలో విడివిడిగా గడ్డకట్టించి తర్వాత సంచిలో వేయండి. జామ్ చేసేట్టయితే కిలో పండ్లకు 700 గ్రాముల చక్కెర, ఒక నిమ్మకాయ రసం. స్ట్రాబెరీలో పెక్టిన్ తక్కువ కాబట్టి జామ్ గట్టిపడటానికి కాస్త దోరవి నాలుగైదు కలపాలి, పొరపాటున కోసుకొచ్చినవి అక్కడ పనికొస్తాయి.